సరిచూసినవారి గడి

పోయిన నెల మా కాలేజీ ప్రయోగశాలలో ఒక ఫారం నా చేతికి వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల నింపి ఇచ్చింది. ఆడపిల్లల నెలసరి మీద నేను మళ్ళీ మొదలుపెట్టిన ఒక చిన్న పరిశోధనకు సంబంధించిన ఫారం అది. రక్తం కనిపించిన మొదటి రోజు ఏదో రాయమని అందులో ఒక్క తేదీయే అడిగాను. ఈ పిల్ల రెండు రాసింది. ఒకదాని పక్కన చుక్క పెట్టింది, రెండోదాని పక్కన సున్నా చుట్టింది.

"ఇదేందమ్మా, రెండు తేదీలు రాసినవ్?" అన్నాను.

"చుక్క వెట్టింది ముట్టు కనవడ్డ దినం మేడం. సున్న వెట్టింది తలకు పోసుకున్న దినం. రెండు రాయకుంటె లెక్క తప్పుతది."

"నీకెవరు నేర్పిన్రు?"

"మా గల్లీల ఖాలా ఉండె మేడం. గల్లీల పిల్లలందరికి గామెనే నేర్పింది. ఎన్కట మీ కాలేజీలనే పనిజేసిందట."

"ఉండె అంటున్నవ్?"

"పోయిన యేడు సచ్చిపోయింది మేడం."

గంట కొట్టారు. ఆ పిల్ల క్లాసుకు పరుగెత్తింది. ఖాలా చనిపోయిన సంగతి నాకు తెలిసింది అట్లా, ఏడాది ఆలస్యంగా, ఒక ఫారం మీది చుక్కా సున్నాల వల్ల. నేను ఏడవలేదు. ఆమె చావుకు ఏడ్చేంత దగ్గరి మనిషిని అనిపించుకునే పని నేనేమీ చేయలేదు.

ఆమె పేరు నాకు తెలుసు. హాజరుపట్టీలో రోజూ చూసేదాన్ని. ఆ పేరుతో పిలిచింది మాత్రం లేదు. ప్రిన్సిపాల్ గారి దగ్గర్నుంచి క్యాంటీన్ వాళ్ళ దాకా అందరికీ ఆమె ఖాలాయే, అంటే పిన్నమ్మ. బయోకెమిస్ట్రీ ప్రయోగశాలలో అటెండరు. నాకు అప్పుడు ముప్పై దాటాయి, ఆమెకు యాభై అయిదో ఆరో ఉంటాయి. నాకంటే అంత పెద్దదై ఉండీ నన్ను మేడం అనేది. నేను ఆమెను ఖాలా అని పిలుస్తూనే, ఏ పని చెప్పినా అటెండరుకు చెప్పినట్టే చెప్పేదాన్ని.

పొద్దున తొమ్మిది కాకముందే వచ్చేది. బురఖా తీసి తలుపు వెనక మేకుకు తగిలించి, ఎప్పుడో బదిలీ అయిపోయిన ఒక సారు వదిలేసిన తెల్లకోటు తొడుక్కునేది. కోటు ఆమె మోకాళ్ళ కిందికి వచ్చేది. జేబు మీద ఆ సారు పేరు ఎర్రదారంతో కుట్టి ఉండేది. కొత్తగా చేరిన పిల్లలు ఆ పేరు చదివి ముసిముసిగా నవ్వుకునేవారు. కళ్ళజోడుకు ఒక కాడ విరిగిపోతే దాని చోట దారం కట్టుకుంది. ఎన్నిసార్లు చెప్పినా బాగుచేయించుకోలేదు. దారమైతే చెవి నొయ్యదని ఆమె వాదన.

ఏదైనా చెప్పాలనుకున్నప్పుడు తడి చేతి రెండు వేళ్ళు పైకెత్తి, "జర ఆగుండ్రి మేడం" అనేది. ఆ మాట వెనక నాకు నచ్చే సంగతి ఎప్పుడూ రాలేదు. ఫ్రిజ్ ఆగిపోయిందనో, డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందనో, నేను పొద్దుట్నుంచీ వెతుకుతున్న సీసా నా చేతిలోనే ఉందనో చెప్పేది. కొన్నాళ్ళకు ఆ రెండు వేళ్ళు లేస్తేనే నాకు తలనొప్పి మొదలయ్యేది.

గాజు గొట్టాలు కడగడం ఆమెకు పెద్ద పని. మూడుసార్లు కుళాయి నీళ్ళతో, రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, వెలుతురుకు పట్టి చూసి, బోర్లించేది. సాయం చేద్దామని వచ్చిన పిల్లలను దగ్గరికి రానిచ్చేది కాదు.

"గిన్నెలు తోమినట్లు గాదు బిడ్డా. గిన్నెల మెతుకు మిగిల్తె కడుపుల వడ్తది. గీంట్ల మిగిల్తె మేడం లెక్కల వడ్తది" అనేది.

ఆ లెక్క ఏమిటో చెప్పాలి. ఊపిరి పీల్చి, తిన్నది అరిగించుకునే పనిలో మన ఒంట్లో కొన్ని దుందుడుకు అణువులు పుడుతుంటాయి. అవి కణాల గోడల్లో ఉన్న కొవ్వును పాడుచేస్తాయి. వాటిని అణచడానికి శరీరం తన కాపలా తాను పెట్టుకుంటుంది. దానికే యాంటీఆక్సిడెంట్ రక్షణ అని పేరు. ఆడవాళ్ళలో ఈ రక్షణ నెల పొడుగునా ఒకే తీరుగా ఉండదు. ముట్టు రోజుల్లో ఈస్ట్రోజన్ అడుగంటి ఉంటుంది. అప్పుడు ఎర్రరక్తకణాల్లో ఉండే ఒక రక్షక ఎంజైము కూడా నెమ్మదిస్తుంది. అండం విడుదలయ్యే ముందు ఈస్ట్రోజన్ బాగా పెరుగుతుంది, ఎంజైమూ చురుకవుతుంది. ఆ తర్వాత ప్రొజెస్టిరాన్ వచ్చి చేరాక సంగతి అంత తేటగా లేదు. ఇదంతా నేను చదివింది. చదివిందంతా ఎక్కడెక్కడి ఆడవాళ్ళ గురించో. మా సిద్దిపేట పిల్లల్లో, దుబ్బాక నుంచీ కోహెడ నుంచీ పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లల్లో ఎట్లా ఉంటుందో చూడాలని నా ఆశ. దాంతో డాక్టరేటు తెచ్చుకుని హైదరాబాదులో పెద్ద ఉద్యోగానికి పోవాలన్నది అంతకంటే పెద్ద ఆశ.

నలభై మంది దాకా పిల్లలు ఒప్పుకున్నారు. ఒక్కొక్కరి దగ్గర నెలలో నాలుగుసార్లు రక్తం తీయాలి. మూడో రోజు, ఎనిమిదో రోజు, పదమూడో రోజు, ఇరవై రెండో రోజు. కాబట్టి మొదటి రోజు ఏదన్నది తెలియాలి. అంతా దాని మీదే నిలబడి ఉంది.

బోర్డు మీద హార్మోన్ల బొమ్మలు గీసి గంటసేపు పాఠం చెప్పమంటే చెబుతాను. ఎదురుగా నిలబడ్డ పిల్లను "నీకెప్పుడయింది?" అని అడగమంటే నాకు నోరు పెగలదు. అందుకని ఫారంలో తేదీ అని ఒక గడి గీసి, ఖాలాను పిలిచి, "ఎప్పుడయిందో కనుక్కుని రాయించు ఖాలా" అని చెప్పి లోపలి గదిలోకి పోయాను. అంతకుమించి నేను చెప్పింది ఏమీ లేదు.

ఆమె తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేది. వచ్చిన పిల్లను ముందు ఏం కూర తెచ్చుకున్నావని అడిగేది. వంకాయ అంటే మొహం చిట్లించేది. పుంటికూర అంటే మెచ్చుకునేది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "తలకెప్పుడు పోసుకున్నవ్ బిడ్డా?" అనేది. ఎంత సిగ్గరి పిల్ల అయినా ఆ మాటకు జవాబు చెప్పేది. పక్క క్లినిక్ నుంచి వచ్చే నర్సు సూది గుచ్చుతుంటే ఖాలా పిల్ల రెండో చెయ్యి పట్టుకునేది. రక్తం గొట్టాన్ని తలకిందులు చేస్తూ ఏక్, దో, తీన్ అని ఎనిమిది దాకా లెక్కపెట్టేది. చివరికి రెండు ఖర్జూరాలు చేతిలో పెట్టి పంపేది. రంజాన్ నెలలో తాను ఉపవాసం ఉండి కూడా ఖర్జూరాల డబ్బా మూత తీసి పిల్లల ముందు పట్టుకుని నిలబడేది.

కణాల కొవ్వు ఎంత పాడైందో చూసే పరీక్ష ఒకటి ఉంది. ఒక మందు కలిపి వేడినీళ్ళలో ఉంచితే గొట్టంలో గులాబి రంగు వస్తుంది. ఎంత పాడైతే రంగు అంత ముదురు. రంగు కొలిచే యంత్రం మా దగ్గర ఉంది. ఖాలా దాన్ని ఆ డబ్బా అనేది. డబ్బాలో పెట్టకముందే గొట్టాలన్నీ కిటికీ వెలుతురుకు పట్టి, లేత రంగు నుంచి ముదురు రంగుకు వరసగా పేర్చేది. పేర్చాక నన్ను చూసి, "ఇగ మీ డబ్బానడుగుండ్రి" అనేది. డబ్బా చాలాసార్లు ఆమె చెప్పిందే చెప్పేది. ఎప్పుడైనా తేడా వస్తే తప్పు డబ్బాదేనని ఆమె నమ్మకం.

ఒకసారి దుబ్బాక నుంచి ఒక పిల్ల తల్లి వచ్చింది. మగ్గం నేసే ఇంటి మనిషి. నెలకు నాలుగుసార్లు రక్తం తీస్తే తన బిడ్డ ఏమైపోతుందని గొడవకు దిగింది. నేను నాకు తెలిసిన తీరులో ఎంజైములూ అణువులూ అంటూ మొదలుపెట్టాను. ఆమె కోపం ఇంకా పెరిగింది. ఖాలా రెండు వేళ్ళు పైకెత్తింది.

"జర ఆగుండ్రి మేడం. ఇగో చెల్లె, గిట్ల కూసో. మనం బువ్వ తింటం, గాలి పీలుస్తం. పాణం లోపట పొయ్యి మండుతది. పొయ్యన్నంక నిప్పురవ్వలు లేస్తయి. గవి బట్టల మీద వడకుంట సూసెటోళ్ళు లోపట్నే పహరా ఉంటరు. నెలల కొన్ని దినాలు పహరా ఎక్కువుంటది, కొన్ని దినాలు తక్కువుంటది. ఏ దినం ఎంతుందో మేడం సూస్తది. గంతే."

"ఎందుకు ఎక్కువ తక్కువైతది?"

"ఈస్ట్రోజన్ అని ఒకటున్నదట. పహరా వాళ్ళకు జమేదార్ లెక్క. గది గట్టిగుంటె పహరా గట్టిగుంటది."

"మరి దూరమున్న దినాలల్ల?"

"గప్పుడు జమేదార్ ఛుట్టీ మీదుంటడు."

ఆ తల్లి నవ్వింది. నవ్వి, నా పరిశోధన గైడు కూడా అడగని ప్రశ్న అడిగింది. "మరి ఆగిపోయినోళ్ళకు? నీసోంటోళ్ళకు?"

"నా జమేదార్ నౌకరిడిసిపెట్టి ఎన్మిదేండ్లాయె" అంది ఖాలా. "పహరా నేనే కాసుకుంటున్న."

తల్లి ఖర్జూరాలు తిని పోయింది. ఆ సాయంత్రం ఖాలా, తన రక్తం కూడా ఒకసారి ఆ గులాబి పరీక్ష చేసి చూడమని నన్ను అడిగింది. నా పరిశోధన ఇరవై రెండేళ్ళ లోపు పిల్లల మీద అని, ఆమెది లెక్కలోకి రాదని చెప్పాను. కొన్నాళ్ళకు ఇంకోసారి అడిగింది. తర్వాత చేద్దామన్నాను. అరగంట పని. నేను చేయలేదు.

ఏడాది గడిచేసరికి లెక్కలు దాదాపుగా తేలాయి, తేలిన తీరు చూసి నాకు కాలు నిలవలేదు. పుస్తకాల ప్రకారం పన్నెండు పదమూడు రోజుల దగ్గర పెరగాల్సిన రక్షణ మా పిల్లల్లో ఎనిమిదో రోజుకే పెరిగి, పదమూడో రోజుకు తగ్గిపోతోంది. మన ప్రాంతపు ఆడవాళ్ళ ఒళ్ళే వేరని నేను తీర్మానించుకున్నాను. మా ఎండలనుకున్నాను, జొన్నరొట్టెలనుకున్నాను, పిల్లల్లో రక్తం తక్కువగా ఉండడమనుకున్నాను. ఒక్కో కారణానికి ఒక్కో పేజీ రాశాను. హైదరాబాదులో గైడు ఫోను చేసి, "కొత్త విషయమమ్మా ఇది" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం నేనెరుగను. అదే సమయంలో నేను కోరుకున్న ఉద్యోగానికి ప్రకటన రాబోతోందని తెలిసింది. అప్పటికి డాక్టరేటు చేతిలో ఉంటే ఉద్యోగం నాదే.

చివరి నలుగురు పిల్లల రక్తం తీస్తున్న రోజుల్లో ఒక శనివారం నారాయణరావుపేట పిల్ల వచ్చింది. ఫారం లెక్కన ఆమెకు అది మూడో రోజు. నుదుట కుంకుమ, తలలో చామంతులు, చేతిలో టిఫిన్ డబ్బా. పొద్దున్నే గుడికి పోయి వస్తున్నానని, ప్రసాదం తెచ్చానని చెప్పి డబ్బాలోంచి పులిహోర తీసి అందరికీ పెట్టింది. నేను తిన్నాను. బాగుందని కూడా అన్నాను. పిల్ల క్లాసుకు పోయింది. ఖాలా కాగితంలో పెట్టుకున్న పులిహోర అట్లాగే పట్టుకుని నిలబడి ఉంది.

"జర ఆగుండ్రి మేడం."

"ఏమైంది ఖాలా?"

"మూడో దినమన్న పిల్ల గుడికెట్ల పొయ్యింది?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మీ ఇండ్లల్ల దూరమున్న పిల్ల గుడికి పోతదా మేడం? పోదు గద. మొన్న మా తురకపిల్ల సుత మూడో దినమని రాయించి, పొద్దుగాల నమాజ్ సదివి వచ్చిన అన్నది. గా దినాలల్ల మాకు నమాజ్ మాఫ్ ఉంటది. ఆమె ఎట్ల సదివింది?" ఖాలా కాగితం బల్ల మీద పెట్టింది. "తలకు పోసుకున్న కాణ్నుంచి లెక్క వెడుతున్నరు మేడం వీళ్ళు. నేను గట్లనే అడిగిన. అందరినీ గట్లనే అడిగిన."

నా నోట్లో పులిహోర ఇంకా ఉంది. మా ఇంట్లో అమ్మ గోడ క్యాలెండరు మీద గీత పెట్టేది తలకు పోసుకున్న రోజునే. ఆ రోజున వంటింట్లోకి వచ్చేది కాబట్టి ఇంటిల్లిపాదికీ లెక్క అక్కడి నుంచే మొదలు. పెళ్ళయ్యేదాకా నేనూ అట్లాగే గీత పెట్టుకున్నాను. ఖాలా ఏడాది పొడుగునా తలుపు దగ్గర ఆ ప్రశ్న అడుగుతూ ఉంటే లోపలి గదిలో నేను వినే ఉంటాను. నాకు అందులో తప్పు కనిపించలేదు. ఆ స్నానం కొందరికి నాలుగో రోజు, కొందరికి అయిదు, ముస్లిం పిల్లలకు ఆరో ఏడో. నా ఎనిమిదో రోజు నిజానికి పన్నెండో రోజు అటూ ఇటూ. మన ప్రాంతపు ఆడవాళ్ళ ఒంట్లో కొత్తేమీ లేదు. కొత్తంతా నా ఫారంలో ఉంది.

లోపలికి పోయి కూర్చుని కాసేపు ఆలోచించాను. నిజం చెబితే ఏడాది పని పోతుంది, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తెలిసేది ఇద్దరికే. బయటికి వచ్చి, "ఈ సంగతి ఎవరితోనూ అనకు ఖాలా" అన్నాను.

"నేనెవ్వలితోని అంట మేడం?" అని ఆమె గొట్టాలు కడగడానికి పోయింది.

నమూనాల రిజిస్టరు అని ఒక పొడుగాటి పుస్తకం ఉండేది. ప్రతిరోజూ సేకరించినవారు అన్న గడిలో నేను, సరిచూసినవారు అన్న గడిలో ఆమె సంతకం పెట్టాలి. ఆమె ఉర్దూలో పెట్టేది. అక్షరాలు వంపులు తిరిగి గడి దాటి పక్కకు వచ్చేవి. సోమవారం చూస్తే ఆమె గడి ఖాళీగా ఉంది. మరిచిపోయిందనుకుని కలం చేతికిచ్చాను.

"జర ఆగుండ్రి మేడం. సరిచూసినోళ్ళు అని గదా గాడ రాసున్నది?"

"అవును."

"సరి లేదు గద."

కలం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. గొంతులో కోపం లేదు, బెదిరింపు లేదు. మిగతా పనంతా ఎప్పటిలాగే చేసింది. గొట్టాలు కడిగింది, పిల్లల చేతులు పట్టుకుంది, ఖర్జూరాలు పంచింది. సంతకం ఒక్కటే పెట్టలేదు. పదకొండు పనిదినాలు ఆ గడి ఖాళీగా ఉంది. ఆమె బదులు నేనే గీకేద్దామన్న ఆలోచన రాలేదని చెప్పను. కానీ నాకు ఉర్దూ రాదు. దొంగ సంతకం పెట్టడానికి కూడా ఎంతో కొంత చదువుండాలి.

పన్నెండో రోజు గైడు రిజిస్టరు నకళ్ళు పంపమన్నారు. పదకొండు ఖాళీ గడులు ఆయన కంట పడక మానవు. నేను నిజం చెప్పడానికి కారణం నా మంచితనం కాదు, ఆ గడులు. ఆ పేజీలో, "పై నమూనాల రోజుల లెక్క తప్పు. ఇవి చెల్లవు" అని రాసి ఫోను చేశాను. చేతులకు గ్లౌజులుండడంతో స్పీకరు పెట్టాను. ఖాలా ఆ గదిలోనే గొట్టాలు తుడుస్తోంది.

గైడు అంతా విన్నారు. తర్వాత, "తేదీలు అడిగింది ఎవరమ్మా?" అన్నారు.

"మా అటెండరు సార్."

"చదువుకున్నవాళ్ళను పెట్టుకోవాలి కదా ఇటువంటి పనికి."

"అవును సార్" అన్నాను.

ఫారం నాది. ఎట్లా అడగాలో చెప్పని నోరు నాది. ఆ మాట చెప్పడానికి రెండు క్షణాలు పట్టేది. ఫోను పెట్టేశాను. ఖాలా చేతిలో ఉన్న గొట్టాన్ని బోర్లించి, చేతులు కోటుకు తుడుచుకుని, బల్ల దగ్గరికి వచ్చింది. పేజీలో ఏం రాశానో చదివి వినిపించమంది. చదివాను. కలం అడిగి తీసుకుని, ఆ వాక్యం కింద, ఆ రోజు గడిలో సంతకం పెట్టింది. అంతకుముందు పదకొండు గడుల జోలికి పోలేదు. ఆమె అలక తీరిందని నేను సంతోషించాను. అప్పుడు నాకు తోచింది అంతే.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. పిల్లలను మళ్ళీ ఒప్పించింది ఆమె. మందుల దుకాణాల్లో ఇచ్చే జేబు క్యాలెండర్లు ఏరుకొచ్చి ఒక్కొక్కరికి ఒకటి ఇచ్చింది. ఎరుపు కనిపించిన రోజుకు చుక్క, తలకు పోసుకున్న రోజుకు సున్నా పెట్టమని చూపించింది. ఇప్పుడు గొంతు తగ్గించకుండానే అడిగేది. "సిగ్గువడేది ఇంటికి పోయినంక పడుండ్రి" అనేది. రెండో ఏడాది లెక్కల్లో రక్షణ పన్నెండు పదమూడు రోజుల దగ్గరే పెరిగింది, అందరూ చెప్పినట్టే. నా థీసిస్‌లో కొత్త విషయం ఏదీ లేకుండా పోయింది. డాక్టరేటు ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆ ఉద్యోగం ఇంకొకరికి వచ్చింది. నేను సిద్దిపేటలోనే ఉన్నాను.

అట్ట కట్టించిన థీసిస్ తెచ్చి బల్ల మీద పెడితే ఖాలా చేతులు కడుక్కుని వచ్చి చూసింది. బంక వాసన చూసి మొహం చిట్లించింది. "మన పిల్లల లెక్క యాడున్నది?" అంది. గీత పైకి లేచి కిందికి దిగే పేజీ తీసి చూపించాను. గీత పైకి లేచిన చోట వేలు పెట్టి, "జమేదార్" అంది. కృతజ్ఞతల పేజీ ఎక్కడుందని అడగలేదు. అందులో గైడు ఉన్నారు, ప్రిన్సిపాల్ ఉన్నారు, మా ఆయన, మా అత్తగారు కూడా ఉన్నారు. చివర్లో ప్రయోగశాల సిబ్బందికి అని ఒక ముక్క ఉంది. మరుసటి ఏడాది కాంట్రాక్టు మారి ఆమె మానేసింది. తర్వాత బస్టాండు దగ్గర ఒకసారి కనిపించింది. కళ్ళజోడుకు దారం అట్లాగే ఉంది. బాగున్నావా అంటే బాగున్నానంది. బస్సు వచ్చింది.

ఫారంలో రెండు తేదీలు రాసిన పిల్ల ఈ సోమవారం రక్తం ఇవ్వడానికి వచ్చింది. నర్సు సూది తీశాక మోచేతి దగ్గర దూది అదిమి పట్టుకుని గది అంతా చూసింది.

"ఖాలా గీడనే కూసునేదా మేడం?"

"ఆ తలుపు దగ్గర. స్టూలు మీద."

"గామె ఎప్పుడు గదే ముచ్చట జెప్పేది మేడం. నేను తప్పడిగి ఒక మేడంది ఏడాది కరాబ్ జేసిన, మీరు సుత గట్ల తప్పొద్దు, రెండు రాసుకోండ్రి అని."

"ఏ మేడమో చెప్పిందా?"

"లే మేడం. మేం అడిగినం సుత. మంచి మేడం, నన్నొక్క మాట అనలె, అన్నది. గంతే."

నేను లేచి బీరువా తెరిచి పాత రిజిస్టరు తీశాను. కాగితం పసుపు పచ్చబడింది. వరసగా పదకొండు ఖాళీ గడులు. పన్నెండో దానిలో నా వాక్యం కింద ఆమె సంతకం, వంపులు తిరిగి గడి దాటి పక్కకు వచ్చి. నేను తప్పు దాచిన అన్ని రోజులూ ఆమె సంతకం పెట్టలేదు. నేను తప్పు తన మీద వేసిన రోజు, అది విన్న అయిదు నిమిషాలకు పెట్టింది. ఆ గడిలో రాసి ఉన్నది సరిచూసినవారు అని. లెక్క సరి అయింది, పెట్టింది. నేనేమన్నానన్నది ఆ గడికి సంబంధం లేని విషయమనుకుంది. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళకు వేసింది.

"ఇటు చూడమ్మా" అన్నాను. "ఆ మేడం నేనే. తప్పు ఖాలాది కాదు. ఎట్ల అడగాల్నో చెప్పంది నేను. ఆమె పట్టుకోకుంటె తప్పు లెక్క అచ్చయిపోతుండె. నువ్వు పోయి మీ గల్లీల చెప్పు, తప్పు మేడందే అని."

ఆ పిల్ల దూది తీసి మోచెయ్యి చూసుకుంది. రక్తం ఆగింది.

"ఇప్పుడెవ్వలికి జెప్పాలె మేడం?" అంది. "గా మాట ఇనాల్సింది ఖాలానే గద."

ఖర్జూరాల డబ్బా మూత తీసి ఆ పిల్ల ముందుకు జరిపాను.